పాటకీ పాటకీ మధ్య

ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేశాను. కొడితే పిల్లలు దారికొస్తారన్న నమ్మకం ఎప్పుడో పోయింది గాని, యంత్రాలు దారికొస్తాయన్న నమ్మకం మాత్రం మొన్నటిదాకా ఉండేది. అందుకే అటక మీంచి దించిన డీవీడీ ప్లేయర్ ట్రే బయటికి రాకపోతే నెత్తిన ఒక్కటిచ్చాను. వచ్చింది. టీవీలో బొమ్మ రాకపోతే ఇంకొకటిచ్చాను. రాలేదు. మూడోది ఇవ్వబోతుంటే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, మనకున్నది ఇదొక్కటే. ఇది కూడా పోతే ఎక్కడ తెస్తావ్?" అంది.

నిజమే. జగ్గయ్యపేటలో ఒకప్పుడు సందుకొకటి చొప్పున ఉండే సీడీ షాపుల్లో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ప్లేయర్ పోతే ఇంకోటి ఎవరి అటక మీదన్నా దొరుకుతుందేమో. దాని పక్కన పాత చీరలో చుట్టి ఉన్న డిస్కు మాత్రం ఈ లోకంలో ఒక్కటే.

అది మా గృహప్రవేశం డిస్కు. అప్పటికి మా అమ్మాయికి రెండేళ్ళు. తర్వాత రెండేళ్ళకే నా భార్య పోయింది. పచ్చకామెర్లన్నారు, పసరు మందు పోయించాం, విజయవాడ తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఆమె ఉన్నప్పుడు చుట్టాలతో కలిసి ఆ డిస్కు రెండుసార్లు చూశాం. పోయాక దాన్ని ఆమె చీరలోనే చుట్టి పైన పెట్టేశాను. అప్పట్లో మా ఇంట్లో ఉన్నది మీటల ఫోను. గొంతు రికార్డు చేసుకోవచ్చని గాని, చేసుకోవాలని గాని ఎవరికి తోచింది? ఫొటోలున్నాయి. ఫొటోలు మాట్లాడవు.

ఇన్నేళ్ళ తర్వాత దాన్ని దించడానికి కారణం చిల్లకల్లులో జరిగిన ఒక బారసాల. తెలిసినవాళ్ళ ఇల్లు. మా అమ్మాయి వంటగదిలో ఎవరితోనో మాట్లాడుతుంటే, బయట మంచం మీద కూర్చున్న ఒక మామ్మగారు గబగబా లేచి లోపలికెళ్ళింది. ఆవిడ ఒకప్పుడు మా వీధిలోనే ఉండేది. అమ్మాయిని చూసి, ఎవరో తెలిసి, గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"వెనక నుంచి విని ఉలిక్కిపడ్డా తల్లీ. మీ అమ్మే మాట్లాడిందనుకున్నా. అదే గొంతు," అంది.

మా అమ్మాయి నందిగామ కోర్టులో ఒక సీనియర్ లాయరు దగ్గర జూనియరుగా చేస్తోంది. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి వస్తుంది. ఏ మాటైనా ఒకటికి రెండుసార్లు అడిగి గాని వదలదు. ఆ రోజు ఇంటికొచ్చాక చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"నిజమేనా నాన్నా? నా గొంతు అమ్మ గొంతులా ఉంటదా?"

"అచ్చం అంతే," అన్నాను.

అబద్ధం. నాకు గుర్తు లేదు. ఆమె నడక గుర్తుంది. చీటీల మీద ఆమె చేతిరాత గుర్తుంది. తడిజుట్టు విదిలిస్తే అద్దం మీద పడే చుక్కలు గుర్తున్నాయి. ఆమె అన్న మాటలు కూడా చాలా గుర్తున్నాయి. కాని అవన్నీ నాకు నా గొంతుతోనే గుర్తొస్తున్నాయి. ఎంత ప్రయత్నించినా ఒక్క మాటకి కూడా ఆమె గొంతు అమరడం లేదు. కట్టుకున్నదాని గొంతు మర్చిపోయిన మనిషి ఉంటాడా అంటే, ఉన్నాడు. ఆ సంగతి ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడు ఆదివారం. నేనే నిచ్చెన వేసుకుని అటకెక్కాను.

మా కొత్త టీవీకి వెనకాల పసుపుపచ్చ రంధ్రం లేదు. ప్లేయర్ తీగలేమో మూడు: పసుపుపచ్చది బొమ్మకి, తెలుపూ ఎరుపూ శబ్దానికి. పసుపుపచ్చది ఎక్కడ పెట్టాలో తెలియక నీలంలో పెట్టాను, బొమ్మ రాలేదు. ఎరుపులో పెట్టాను, టీవీ గుర్రుమంది. అప్పుడే ఆ రెండో దెబ్బ వేసింది. చివరికి అమ్మాయి ఫోన్లో వెతికి, ఆకుపచ్చ దాంట్లోనే పెట్టాలని చెప్పింది. పెడితే బొమ్మ వచ్చింది గాని నలుపూ తెలుపూ. మామిడాకుల తోరణం బూడిద రంగులో కనపడింది. టీవీ మెనూలోకి వెళ్ళి ఏదో ఒకటి మార్చగానే తోరణం పచ్చబడింది. గడపకి పసుపు వచ్చింది. నా భార్య చీర ఎర్రబడింది.

ఆమె గుమ్మంలో కలశం పట్టుకుని నిలబడి ఎవరితోనో ఏదో అంటోంది. నవ్వుతోంది. శబ్దం లేదు. తీగ కొసలు తుప్పు పట్టాయి. అగ్గిపెట్టె పక్కన ఉండే గరుకు పట్టీతో రుద్దాను. మళ్ళీ పెట్టాను. ఒక్కసారిగా ఇల్లంతా అదిరిపోయేలా సినిమా పాట మొదలైంది.

"ఇదేంది?" అంది అమ్మాయి.

నా భార్య పెదవులు కదులుతున్నాయి. పాట వస్తోంది. మా అక్క ఎవరినో పిలుస్తోంది. పాట వస్తోంది. పంతులుగారు మంత్రాలు చదువుతున్నారు. అక్కడా పాటే. ఒక పాట అవగానే ఇంకోటి. తెలుపు తీగ ఊడబీకితే అదే పాట సగం గొంతుతో వచ్చింది. అది పెట్టి ఎరుపు తీగ పీకినా అదే పాట. ఒక చోట, పాలు పొంగించేటప్పుడు, బొమ్మ చదరాలు చదరాలుగా విరిగి ఆగిపోయింది. టక్కున ఎగిరి భోజనాల దగ్గర తేలింది.

"ప్లేయర్లో సౌండ్ ప్రాబ్లమమ్మా. బాగు చేయిద్దాం," అన్నాను. ఆ క్షణానికి నేనూ అదే నమ్మాను.

మర్నాడు ఆ వీడియో తీసినాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన స్టూడియో ఎత్తేసి అదే గదిలో ఫ్లెక్సీలు ప్రింటు చేస్తున్నాడు. నేనెవరో చెప్పగానే కుర్చీ వేశాడు. మాటలున్న అసలు టేపు ఉందా అనడిగితే నవ్వాడు.

"టేపులు దాచుకుంటే మాకు తిండేందండి మాస్టారూ? ఒక పెళ్ళి మీద ఇంకో పెళ్ళి తీసేవాళ్ళం."

"మరి మాటలన్నీ తీసేసి పాటలు పెట్టడమేంటయ్యా? నిన్నెవరు పెట్టమన్నారు?" అన్నాను. నా గొంతు క్లాసులో లేచినట్టే లేచింది.

ఆయన నా మొహం చూశాడు. నొచ్చుకున్నట్టు లేదు, జాలిపడ్డట్టుంది. "మీరే కదండీ! 'ఈ ఆడాళ్ళ గోల వినలేక చస్తాం, మొదట్నుంచీ చివరిదాకా పాటలేసెయ్' అన్నారు. ఏయే పాటలు కావాలో కాగితం మీద నంబర్లేసి మరీ రాసిచ్చారు. మీ చేతిరాత బాగుందని మా స్టూడియోకొచ్చినోళ్ళందరికీ చూపించా కూడా." మళ్ళీ తనే, "అప్పట్లో అందరూ అట్లాగే అడిగేవాళ్ళు లెండి," అన్నాడు.

అందరూ అలాగే అడిగేవాళ్ళు. నిజమే. పెళ్ళి వీడియో అన్నా, గృహప్రవేశం వీడియో అన్నా, చివరికి ఓణీల వేడుక అన్నా పాటలుండాల్సిందే. మాటలుంటే మోటు. చుట్టాలు గిన్నెల గురించీ, చాపల గురించీ కేకలేసుకునేది నలుగురూ చూసే టీవీలో వినపడితే పరువు పోతుందని మా భయం. నాకు ఆ భయం కొంచెం ఎక్కువ. మాస్టారి ఇల్లు కదా, నిశ్శబ్దంగా ఉండాలి.

ఆ కాగితం గుర్తొచ్చింది. నిలువు గీత గీసి, వరస నంబర్లు వేసి, ఏ పాట ఏ తంతుకో ఎదురుగా రాశాను. ఆమె పక్కనే నిలబడి చూస్తోంది. వద్దని గాని, ఎందుకని గాని అన్నదా? అనే ఉంటుంది. ఏమన్నదో గుర్తు లేదు. విని ఉంటే కదా గుర్తుండేది.

ఇంటికొచ్చి అమ్మాయికి ఏం చెప్పాను? స్టూడియో ఆయన కనపడలేదన్నాను. కక్కలేక మింగలేక రోజులు గడిపాను. పాపం అది కోర్టు నుంచి అలిసిపోయి వచ్చి కూడా ప్లేయర్ ముందు కూర్చునేది. ఫోన్లో ఎవరెవరో చెప్పిన చిట్కాలన్నీ చేసేది. సెట్టింగుల్లోకి వెళ్ళి ఎడమ అనేది, కుడి అనేది, రెండూ అనేది. మధ్యమధ్యలో "ఇప్పుడు వినపడతదేమో చూడు నాన్నా" అనేది. నేను చెవి ఒగ్గి వింటున్నట్టు నటించేవాణ్ణి. తప్పు ఎక్కడుందో తెలిసి కూడా పిల్లచేత పది సార్లు అదే లెక్క చేయించే మాస్టారిని ఏమనాలి? నన్ను నేను చాలా మాటలన్నాను. ఏదీ సరిపోలేదు.

చేస్తున్నట్టు కనపడాలి కాబట్టి నేనూ ఏదో చేసేవాణ్ణి. దూదితో లోపలి అద్దం తుడిచాను. డిస్కుకి టూత్‌పేస్టు రాస్తే గీతలు పోతాయని ఎవరో అంటే రాసి, పలకని తుడిచినట్టు గుండ్రంగా గట్టిగా తుడిచాను. దాంతో పాలు పొంగించే చోట ఆగే బొమ్మ, ఇప్పుడు దానికి ముందు నుంచే ఆగడం మొదలెట్టింది. మిగతా చోట్ల మాత్రం పాట మీద పాట వస్తూనే ఉంది.

ఒక శుక్రవారం అమ్మాయి ప్లేయర్‌ని తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టింది. "మా కోర్టు వెనకాల ఒక భాయ్ ఉన్నాడు. పాత టేపులూ డిస్కులూ ఆయనే బాగుచేస్తాడంట. తీసుకెళ్తున్నా," అంది.

తెలిసినవాడెవడైనా అర నిమిషంలో చెప్పేస్తాడు, ప్లేయర్‌కి ఏమీ లేదని. "నేనూ వస్తా," అన్నాను. బస్సులో ప్లేయర్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హైవే మీద సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఇప్పుడు చెబుదాం, ఇప్పుడు చెబుదాం అనుకుంటూనే నందిగామ వచ్చేసింది.

భాయ్ నాకంటే పెద్దవాడు. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, చేతిలో స్క్రూడ్రైవరు. డిస్కు పెట్టి, పాట విని, తెలుపు తీగ ఒకసారి, ఎరుపు తీగ ఒకసారి తీసి చూశాడు.

"ప్లేయర్ బంగారంలా ఉందమ్మా. దీంట్లో రిపేరేం లేదు. మాటలు తీసేసి పాటలు ఎక్కించారు. అప్పట్లో చెప్పి చేయించుకునేవాళ్ళు."

మా అమ్మాయి తిరిగి నా వైపు చూసింది. కోర్టులో చూపు అది. "నీకు తెలుసా నాన్నా?"

"తెలుసు."

"ఎవరు చెప్పి చేయించారు?"

"నేనే. పాటలు కూడా నేనే రాసిచ్చా."

అది తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. స్టూలు మీద కూర్చుని తువ్వాలు మడత పెట్టడం మొదలెట్టింది. మడత పెట్టిందాన్నే విప్పి మళ్ళీ మడత పెట్టింది. భాయ్ మా ఇద్దరినీ చూసి, ఏం అర్థం చేసుకున్నాడో, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఉండమ్మా. పాటలెక్కించేవాళ్ళు అంత నాజూగ్గా చేసేవాళ్ళు కాదు. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే లోపల రెండు మూడు సెకన్లు సందు వదిలేసేవాళ్ళు. ఆ సందులో అసలు సౌండు అట్లాగే ఉండిపోద్ది. చూద్దాం."

పాటకీ పాటకీ మధ్య మొత్తం ఆరు సందులున్నాయి. ఐదింట్లో భాయ్ చెప్పింది నిజమే. ఒక దాంట్లో సన్నాయి. ఒక దాంట్లో గంట. ఒక దాంట్లో స్టీలు గ్లాసేదో కింద పడ్డ చప్పుడు. మిగతా రెండింట్లో మనుషుల సందడి, ఎవరి మాటా విడిగా తెలియలేదు. ఆరోది పాలు పొంగించే చోట. బొమ్మ ఆగిపోయే చోట.

"దీన్ని గుండ్రంగా తుడిచిందెవరు?" అన్నాడు భాయ్, డిస్కుని వెలుతురులో పెట్టి. "నడిమి నుంచి బయటికి తుడవాలండి. గుండ్రంగా తుడిస్తే ఉన్నది కూడా పోద్ది."

నేను తల వంచుకున్నాను.

ఆయన డిస్కుని మెత్తటి గుడ్డతో చాలాసేపు రుద్దాడు, నడిమి నుంచి బయటికి. మూలనున్న పాత కంప్యూటర్లో పెట్టాడు. అది మొండిదట, గీతలున్నా పట్టుకుని చదువుతుందట. అది గిర్రుమని ఆగి, గిర్రుమని ఆగి, గంట పైన తీసుకుంది. మధ్యలో టీలు వచ్చాయి. నాది చల్లారిపోయింది. ఆ గంటసేపూ నేను ఒక్కటే కోరుకున్నాను: మూడు సెకన్లు చాలు, ఆమె గొంతు నా చెవిన పడితే చాలు, గుర్తొచ్చేస్తుంది, మిగతా మాటలన్నిటికీ నేనే అమర్చుకుంటాను.

బొమ్మ వచ్చింది. కొత్త పొయ్యి, దాని మీద ఇత్తడి గిన్నె. మా వైపు ఆడపడుచు చేతే పాలు పొంగిస్తారు. గిన్నె పక్కన మా అక్క చెయ్యి కనపడుతోంది. పక్కన నా భార్యా, ఆమె అక్కా నిలబడి ఉన్నారని నాకు తెలుసు. కాని కెమెరా గిన్నె మీదే ఉంది. మొహాలు లేవు. పాట అయిపోయింది. పాల నురుగు అంచుకి లేచింది.

"పొంగుతున్నయ్, పొంగుతున్నయ్! చూ..."

ఒక ఆడమనిషి గొంతు. చిన్నపిల్లలా సంబరంగా ఉంది. ఆ మాట పూర్తి కాకముందే దాని మీద ఇంకో గొంతు పడింది.

"అరవమాకు! వీడియో తీస్తన్నారు."

తర్వాత పాట మొదలైంది. పాలు పొయ్యి మీదికి కారుతున్నాయి.

రెండో గొంతు ఎవరిదో అడగక్కర్లేదు. వినగానే గుర్తుపట్టాను. మొదటిది మాత్రం నాలో ఏమీ కదపలేదు. భాయ్ చేత మళ్ళీ వేయించాను. మళ్ళీ. ఎవరో ఒకావిడ సంతోషంగా అరుస్తోంది, ఎవడో ఒకడు కసురుతున్నాడు. గొంతు విన్నాక కూడా నాకు గుర్తు రాలేదు. అమ్మాయి గొంతులా ఉందో లేదో కూడా ఆ అరుపులో తెలియలేదు.

"ఆ మగ గొంతు తీసేయొచ్చా అండీ?" అని అడిగింది అమ్మాయి.

భాయ్ తల అడ్డంగా ఊపాడు. "రెండూ కలిసిపోయినయమ్మా. ఆయన్ని తీస్తే ఆవిడ కూడా పోద్ది."

ఆ మూడు సెకన్ల ముక్కని అమ్మాయి ఫోన్లో ఎక్కించి ఇచ్చాడు. ప్లేయర్‌ని మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని బస్టాండుకి నడిచాం. జగ్గయ్యపేట బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బెంచీ మీద కూర్చున్నాక అమ్మాయి నాతో మాట్లాడింది.

"అత్తయ్య గొంతు కాదు, అది నాకు తెలుసు. అత్తయ్యే కదా నన్ను పెంచింది. కాని పెద్దమ్మ గొంతు కావచ్చు కదా నాన్నా? పెద్దమ్మ పోయేముందు కూడా ఇట్లాగే మాట్లాడేది. సంబరమొస్తే ఇట్లాగే అరిచేది."

నేను బస్సు వచ్చే వైపు చూశాను.

"చిల్లకల్లు మామ్మగారికి వినిపిద్దాం. ఆవిడైతే చెప్పుద్ది."

"అక్కర్లేదమ్మా. అది మీ అమ్మే."

అది గబుక్కున నా వైపు తిరిగింది. ఆ మొహంలో ఆశ చూసి నాకు భయమేసింది. "గొంతు గుర్తుపట్టావా?"

అవునంటే సరిపోయేది. చిల్లకల్లు నుంచి వచ్చిన రోజు అన్నట్టే అనొచ్చు. కాని ఇంక చేతకాలేదు.

"లేదు," అన్నాను. "నాకు మీ అమ్మ గొంతు గుర్తు లేదు. వినగానే వస్తదనుకున్నా. రాలేదు."

"మరెట్లా చెబుతున్నావ్?"

"మీ అత్తయ్యని గాని, పెద్దమ్మని గాని నేను ఏ రోజూ ఒక్క మాట కసరలేదమ్మా. నలుగురిలో నేనట్లా కసిరేది మీ అమ్మనొక్కదాన్నే."

బస్సు వచ్చింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, మేము లేవలేదు. అమ్మాయి ఫోను చెవి దగ్గర పెట్టుకుని మొదట్నుంచీ వింటోంది. నా మాట రాకముందే ఆపేయాలని వేలు తెర మీదే సిద్ధంగా పెట్టుకుంది. మళ్ళీ వేసింది, మళ్ళీ వేసింది. ఒక్కసారి కూడా వేలికి అందలేదు.